తూచి తీసుకొని, తూచి అప్పగించడం ఎలా

ఒడిశాలో పర్లాకిమిడి చుట్టుపక్కల ఉన్న తెలుగు క్రైస్తవ సంఘాల్లో ఈ ఏడాది కొత్తగా కోశాధికారిగానో, డీకనుగానో (సంఘ పరిచారకుడిగానో), స్త్రీల సమాజానికి పెద్దగానో ఎన్నికైన వారి కోసం ఇది రాస్తున్నాను. గుణుపురం, రాయగడ, బరంపురం వైపు సంఘాల వారికి కూడా ఇందులో చాలా భాగం పనికివస్తుంది. నమ్మకత్వం అనే మాటను మనం ప్రార్థనల్లో తరచుగా పలుకుతాం గాని, ఆదివారం మధ్యాహ్నం కానుకల సంచిని బల్ల మీద బోర్లించింది మొదలు సోమవారం బ్యాంకులో కట్టే వరకు ఆ మాట ఏయే పనులుగా కనిపించాలో మనకు కూర్చోబెట్టి నేర్పేవారు తక్కువ. నేను ఆ పనిని పదకొండేళ్లు చేశాను. సరిగా చేసినవాటి కంటే తప్పు చేసి దిద్దుకున్నవే నాకు ఎక్కువ నేర్పాయి కనుక, ముందుగా వాటిలో ఒకటి చెబుతాను.

మా స్త్రీల సమాజంలో గుప్పెడు బియ్యం తీసే అలవాటు ఇప్పటికీ ఉంది. వంటకు ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక గుప్పెడు తీసి వేరే డబ్బాలో వేసుకొని, నెలాఖరు ఆదివారం మందిరానికి తెస్తారు. ఆ బియ్యాన్ని కుంచం అనే కొలపాత్రతో కొలిచి అమ్మగా వచ్చిన సొమ్ము సువార్త పనికీ, జబ్బుపడిన బీద కుటుంబాలకూ వెళుతుంది. నేను బాధ్యత తీసుకున్న రెండో ఏట ఒక ఆదివారం ఆరాధన అయ్యాక, ఒక ముసలమ్మ మెట్ల దగ్గర నన్ను ఆపి, “బాబూ, మొన్నటి బియ్యం ఎన్ని కుంచాలయ్యాయి? ఏ ధరకి అమ్మేరు?” అని అడిగింది. “ఏం, నా మీద అనుమానమా?” అన్నాను. ఆమె తల దించుకొని, “అనుమానం కాదు బాబూ, మేం తీసిన బియ్యం కదా, అందుకే అడిగేను” అంది.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆమె అడిగినదానికి నా దగ్గర జవాబు లేదు. ఆ సొమ్ము మా ఇంటి బీరువాలో ఇంటి ఖర్చుల సొమ్ము పక్కనే ఉంది, అది ఎంతో ఏ పుస్తకంలోనూ రాసి లేదు. నేను దొంగిలించలేదు, కానీ ఎంత ఉండాలో నాకే తెలియదు. ఆ తెలియనితనం బయటపడుతుందేమోనన్న సిగ్గు కోపంగా మారి ఆమె మీద పడింది. మర్నాడు బియ్యం కొన్న కొట్టువాడి చీటీలు తెచ్చి పోల్చి చూస్తే 340 రూపాయలు తగ్గింది. నా జేబులోంచి వేసి సరిచేశాను, ఎవరికీ చెప్పలేదు. అలా చేయడం కూడా తప్పేనని తెలుసుకోవడానికి నాకు మరికొంత కాలం పట్టింది.

గర్వం అనగానే మనకు ఛాతీ విరుచుకొని నడిచే మనిషి, బంగారు గొలుసు, పెద్ద కారు గుర్తుకొస్తాయి. బాధ్యతలో ఉన్న విశ్వాసికి వచ్చే గర్వం అంత తేలికగా కంటికి కనబడదు. మెత్తగా మాట్లాడే మనిషిలో, ఉపవాసాలుండే మనిషిలో కూడా అది ఉంటుంది. నన్ను ఎవరూ లెక్క అడగకూడదు అనుకోవడమే దాని రూపం. అడిగేవాళ్లు రాకముందే చూపించడానికి సిద్ధంగా ఉండడం నమ్మకత్వం. ఇక్కడ చెప్పబోయే పనులన్నీ ఆ సిద్ధపాటు కోసమే.

చేతిలోకి తీసుకునేటప్పుడే కొలవండి

ఎజ్రా గ్రంథం 8వ అధ్యాయాన్ని కోశాధికారి అయిన ప్రతివాడూ ఏడాదికి ఒకసారైనా నిదానంగా చదవాలి. బబులోను నుంచి యెరూషలేముకు బయలుదేరే ముందు ఎజ్రా అహవా నది దగ్గర ఉపవాసం ప్రకటించాడు. దారిలో శత్రువుల భయం ఉన్నా, దేవుని హస్తం మాకు తోడుంటుందని రాజుతో చెప్పి ఉన్నాడు కాబట్టి సైనికులను అడగడానికి సిగ్గుపడ్డాడు. అంత విశ్వాసం ఉన్న మనిషి, దేవుని మందిరానికి తీసుకెళ్లే సొమ్ము విషయంలో మాత్రం ప్రార్థనతో సరిపెట్టలేదు. యాజకుల్లో పన్నెండు మందిని ఏర్పాటు చేసి, హెబ్రీ కొలతలో 650 తలాంతుల వెండి, 100 తలాంతుల బంగారం, పాత్రలతో సహా తూచి వాళ్ల చేతికిచ్చాడు. ఆ ప్రయాణానికి నాలుగు నెలలు పట్టింది. యెరూషలేము చేరి మూడు రోజులు ఆగి, నాలుగో రోజున దేవుని మందిరంలో అంతా మళ్లీ తూచారు. లెక్క చొప్పునా తూనిక చొప్పునా సరిచూసి ఆ తూనికను అప్పుడే రాసిపెట్టారని 34వ వచనం చెబుతుంది. ఆ పన్నెండు మంది పరిశుద్ధులని ఎజ్రాయే అన్నాడు. అయినా ఇచ్చేటప్పుడూ తీసుకునేటప్పుడూ తూచారు, వాళ్లలో ఎవరూ చిన్నబుచ్చుకున్నట్టు గ్రంథంలో లేదు.

ఇక మన బల్ల దగ్గరకు వద్దాం. ఆరాధన ముగిసిన వెంటనే, మనుషులు ఇంకా మందిరంలో ఉండగానే, తలుపులు తెరిచి ఉంచి లెక్కపెట్టండి. లెక్కపెట్టేవాళ్లు ఇద్దరికి తగ్గకూడదు, ఆ ఇద్దరూ ఒకే ఇంటివాళ్లు కాకూడదు. వీలైతే ప్రతివారం సభలోంచి మూడో మనిషిని మార్చి మార్చి పిలవండి. అలా ఏడాదిలో సంఘంలో సగం మందికి లెక్క ఎలా జరుగుతుందో తెలిసిపోతుంది. 500 నోట్లు ఎన్ని, 200 ఎన్ని, 100 ఎన్ని, చిల్లర ఎంత అని విడివిడిగా రాసి, మొత్తం వేసి, బల్ల మీద నుంచి సొమ్ము కదలకముందే అందరూ సంతకం చేయండి. పుస్తకానికి పేజీ నంబర్లు ఉండాలి. పెన్సిల్ వాడవద్దు. తప్పు రాస్తే చెరపకుండా ఒక గీత గీసి పక్కన సరైన అంకె వేసి సంతకం పెట్టండి. కొట్టేసిన అంకె కూడా చదవడానికి వీలుగా ఉండాలి. దశమభాగం కవర్ల మీద రాసిన మొత్తానికీ లోపల ఉన్నదానికీ తేడా వస్తే, ఆ వారంలోనే ఆ కుటుంబానికి మెల్లగా తెలియజేయండి.

చాలా సంఘాల్లో జరిగే ఒక పొరపాటు గురించి ప్రత్యేకంగా చెప్పాలి. దైవజనుడు పొరుగూరు నుంచి వస్తే దారి ఖర్చులకని కానుకల్లోంచే తీసి ఇచ్చి, మిగిలినది బ్యాంకులో కడతారు. ఇచ్చింది న్యాయమే, తీసుకున్నవారూ మంచివారే, కానీ ఆ ఆదివారం నిజంగా ఎంత కానుక వచ్చిందో పుస్తకంలో ఎక్కడా మిగలదు. వచ్చినదంతా బ్యాంకుకు వెళ్లనివ్వండి. ఖర్చులకు కమిటీ నిర్ణయించిన చిల్లర సొమ్మును వేరుగా ఉంచుకొని, తేదీ, కారణం, మొత్తం రాసిన ఓచరు మీద పుచ్చుకున్నవారి సంతకం తీసుకొని ఇవ్వండి. సంతకం రానివారి వేలిముద్ర పక్కన సాక్షి సంతకం ఉండాలి. మందిరం మరమ్మతు చేసిన మేస్త్రికి 5,000 రూపాయలు దాటిన కూలి ఒకేసారి ఇస్తే రసీదు మీద రూపాయి రెవెన్యూ స్టాంపు అంటించాలి.

బియ్యానికీ ఇదే పద్ధతి. ఎప్పుడూ ఒకే కుంచం వాడండి. అంచుకు సమంగా కొలవాలా, పైన గోపురంగా పోసి కొలవాలా అన్నది ముందుగా తీర్మానించి, స్త్రీల సమాజం వాళ్ల చేతే కొలిపించండి. కొట్టువాడి చీటీని పుస్తకంలో అంటించండి.

“నీ మీద నమ్మకం ఉంది” అన్నవారికి ఏం చెప్పాలి

పని మొదలుపెట్టిన రెండు మూడు నెలలకే ఎవరో ఒకరు, “మీ మీద మాకు నమ్మకం ఉందండీ, ఈ సంతకాలన్నీ ఎందుకు?” అంటారు. ఆ మాట వినడానికి హాయిగా ఉంటుంది, అందుకే అక్కడ జాగ్రత్తగా ఉండాలి. కొందరు వాక్యం కూడా చూపిస్తారు. రెండవ రాజుల గ్రంథం 12వ అధ్యాయం 15వ వచనంలో, మందిరం బాగుచేసే పనివారికి ఇవ్వమని సొమ్ము అప్పగించిన మనుషుల దగ్గర లెక్క అడగలేదనీ, వాళ్లు నమ్మకంగా పని చేశారనీ ఉంది. లెక్క చెప్పడం ఇష్టంలేని పెద్దలకు ఈ వచనం కంఠస్థం.

అదే అధ్యాయాన్ని మొదటి నుంచి చదవమని వాళ్లను అడగండి. యోవాషు రాజు ఏలుబడిలో ఇరవై మూడో ఏడు వచ్చినా, యాజకులు సొమ్ము తీసుకుంటూనే ఉన్నారు, మందిరం మాత్రం బాగుపడలేదు. అప్పుడు యాజకుడైన యెహోయాదా ఒక పెట్టె తెచ్చి, మూతకు బెజ్జం చేసి, బలిపీఠం దగ్గర పెట్టించాడు. పెట్టె నిండినప్పుడు రాజు తరఫు అధికారి ఒకరు, ప్రధాన యాజకుడు ఒకరు వచ్చి, ఇద్దరూ కలిసి లెక్కపెట్టి సంచుల్లో కట్టారని 10వ వచనంలో ఉంది. అంటే 15వ వచనం దాకా వచ్చేసరికి ఆ సొమ్ము అప్పటికే ఇద్దరి కళ్ల ముందు లెక్కకు వచ్చింది. ముందు పెట్టె, తర్వాత ఇద్దరు మనుషులు, ఆ తర్వాత నమ్మకం. ఈ వరసను తిరగవేస్తే పాత ఇరవై మూడేళ్లే తిరిగివస్తాయి.

పౌలు కూడా అలాగే చేశాడు. యెరూషలేము బీదల కోసం కూడిన చందాను ఒంటరిగా మోసుకెళ్లకుండా, తన తోటి పనివాడు తీతుతో పాటు సంఘాలు ఏర్పరచిన సహోదరుణ్ణి పంపాడు. తమ మీద ఎవరూ తప్పు మోపకుండా, ప్రభువు ఎదుటే గాక మనుషుల ఎదుట కూడా యోగ్యంగా ఉండాలని చూసుకుంటున్నామని రెండవ కొరింథీ 8వ అధ్యాయం 20, 21 వచనాల్లో రాశాడు. దేవునికి తెలుసు కదా, మనుషులతో నాకేం పని అనే మాటను పౌలు ఆడలేదు, మనకూ వద్దు.

కాబట్టి నమ్మకం ఉందన్నవారికి దండం పెట్టి, “ఆ నమ్మకం నా తర్వాత వచ్చేవారి మీద కూడా ఉండాలంటే ఈ సంతకం కావాలి” అని చెప్పి, పెన్ను వాళ్ల చేతికివ్వండి.

మీ సొమ్ముతో కలపవద్దు, మీ సొమ్ముతో పూడ్చవద్దు

సంఘం సొమ్ముకు సంఘం పేరు మీదే ఖాతా ఉండాలి, ముగ్గురిలో ఇద్దరు సంతకం చేస్తేనే తీయడానికి వీలుండాలి. బ్యాంకుకు వెళ్లేలోపు సొమ్ము ఉండే పెట్టె ఒకరి ఇంట్లో, తాళంచెవి మరొకరి ఇంట్లో ఉంటే మంచిది. ఫోన్‌లో పంపే కానుకలు మీ సొంత నంబరుకు రానివ్వవద్దు. సంఘం ఖాతాకు జోడించిన క్యూఆర్ కాగితాన్ని గోడకు అంటించండి. ఎరువు బస్తాకనో, పిల్ల ఫీజుకనో సాయంత్రం కట్టేస్తానని సంఘం సొమ్ములోంచి తీసుకోవడం ఒక్క గంటకైనా చేయవద్దు. తీసుకున్న వాళ్లలో ఎక్కువమంది తిరిగి కట్టేశారు, అది నేను చూశాను. అయితే ఒకసారి తీసిన చేతికి రెండోసారి భయం ఉండదు.

ఇప్పుడు ఆ 340 రూపాయల సంగతి. నా సొమ్ము వేసి పూడ్చినప్పుడు ఎవరికీ నష్టం జరగలేదు కదా అనుకున్నాను. జరిగిన నష్టం వేరు. బియ్యం సొమ్ము ఉంచే పద్ధతిలో లోపం ఉందని సంఘానికి తెలియకుండా పోయింది, నా పేరు మాత్రం మచ్చలేకుండా నిలిచింది. ఆ మచ్చలేని పేరు కోసమే 340 రూపాయలు ఇచ్చానని గ్రహించాక, స్త్రీల సమాజం కూడికలో లేచి, ఎంత తగ్గిందో, ఎందుకు తగ్గిందో, ఏం చేశానో చెప్పాను. మెట్ల దగ్గర నేను కసిరిన ఆ తల్లికి అందరి ముందు క్షమాపణ చెప్పుకున్నాను. మీకూ తక్కువ వస్తే తక్కువ అనే రాయండి. ఎక్కువ వస్తే ఎక్కువ అనే రాయండి. కమిటీ చూసి, పూడ్చమంటే పూడ్చి, ఆ పూడ్చినదానికి కూడా రసీదు రాయించుకోండి.

అందరికీ అర్థమయ్యే భాషలో చదవండి

1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరు ప్రావిన్సుగా ఏర్పడినప్పుడు పర్లాకిమిడి ఇటు ఒడిశాలోకి వచ్చింది, పక్కనే ఉన్న పాతపట్నం అటు, ఇప్పటి ఆంధ్రప్రదేశ్ వైపు ఉండిపోయింది. అప్పటి నుంచి మన మందిరాల్లో మూడు భాషలు కూర్చుంటున్నాయి. పెద్దవాళ్లు తెలుగు బైబిలు చదువుతారు. ఒడియా బడిలో చదివిన వాళ్ల మనుమలకు తెలుగు మాట్లాడడం వచ్చినా అక్షరం రాదు. చదువుకో, ఆసుపత్రికో గుమ్మ, సెరంగో కొండల నుంచి దిగివచ్చి మనతో ఆరాధించే సవర గిరిజన కుటుంబాలు కూడా ఉన్నాయి. లెక్క తెలుగులో మాత్రమే చదివి, “అందరికీ సమ్మతమేనా?” అని అడిగితే, అర్థంకాని వాళ్లు కూడా ఆమెన్ అంటారు. ఆ ఆమెన్‌ను సమ్మతి కింద రాసుకోవడం నిజాయితీ కాదు.

మూడు నెలలకొకసారి సర్వసభ్య సమావేశంలో లెక్క చదవండి. తెలుగులో చదివాక ఒడియాలో ఒకరి చేత, సవరలో ఒక సవర విశ్వాసి చేత చెప్పించండి. గోడకు అంటించే కాగితం మీద అంకెలు అందరికీ తెలిసిన 1, 2, 3 లోనే ఉండాలి, పద్దుల పేర్లు తెలుగులోనూ ఒడియాలోనూ ఉండాలి. ఆదాయం, ఖర్చు, నిల్వ అనే మూడు మాటలకు అర్థం చిన్నపిల్లలకు చెప్పినట్టు ప్రతిసారీ చెప్పండి. ఇది విసుగు పుట్టించే పని అని మొదట్లో అనిపిస్తుంది.

ఆ విసుగు వెనుక ఏముందో మనం తెలుగువాళ్లం నిజం ఒప్పుకోవాలి. మనం అక్షరం ముందు నేర్చుకున్నాం, వాక్యం ముందు విన్నాం, మందిరానికి రాళ్లు మన తాతలు మోశారు, కనుక పెత్తనం మనదే అనే తలంపు మన సంఘాల్లో లోలోపల ఉంది. ఈ పట్టణంలోనే బడిపంతులుగా పనిచేసిన గిడుగు రామమూర్తి గారు విశ్వాసి కాకపోయినా, సవరల దగ్గర విద్యార్థిలా కూర్చొని వాళ్ల భాష నేర్చుకొని, దానికి వ్యాకరణం, నిఘంటువు రాశారు. ఆయన పుట్టిన ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకునే మనం, ఆయన చూపిన ఆ వినయాన్ని కూడా గుర్తుచేసుకోవాలి. యేసు ప్రభువు శిష్యుల పాదాలు కడిగినట్టు ప్రతి ఏటా చదివే మనకు, ఒక లెక్కల కాగితాన్ని మరో భాషలో రాయించడం బరువు కాకూడదు.

అడిగినప్పుడు వచ్చే కోపాన్ని ఏం చేయాలి

అన్నిటికంటే కష్టమైనది ఇదే. పుస్తకం సరిగా ఉంచడం నాలుగు నెలల్లో వస్తుంది, అడిగినవారి ముందు మనసు సరిగా ఉంచడం ఏళ్లు పడుతుంది.

యూదా రాజు ఉజ్జియా కథ మీకు తెలుసు. పదహారేళ్లకు రాజై, 52 ఏళ్లు యెరూషలేములో ఏలాడు. గోపురాలు కట్టించాడు, బావులు తవ్వించాడు, వ్యవసాయమంటే ఇష్టం ఉన్నవాడు. బలపడిన తర్వాత అతని మనసు గర్వించిందని రెండవ దినవృత్తాంతములు 26వ అధ్యాయం 16వ వచనం చెబుతుంది. ధూపం వేయడానికి ఆలయంలోకి వెళితే, అజర్యా అనే యాజకుడు, అతనితో ధైర్యవంతులైన మరో ఎనభై మంది యాజకులు వెళ్లి, ఇది నీ పని కాదని ఎదురు నిలిచారు. ధూపార్తి పట్టుకొని, వాళ్ల మీద కోపగించుకున్న ఆ సమయంలోనే అతని నుదుట కుష్ఠు పుట్టిందని గ్రంథం స్పష్టంగా రాసింది. హెచ్చరిక విని ధూపార్తి కింద పెట్టి వెనుదిరిగి ఉంటే అతని చివరి సంవత్సరాలు వేరే ఇంట్లో ఒంటరిగా గడిచి ఉండేవి కావని నేను అనుకుంటాను. తప్పు చేయడం ఒకటైతే, తప్పని చెప్పినవాడి మీద మండిపడడం దానికి మించినది.

మిమ్మల్ని ఎవరైనా లెక్క అడిగినప్పుడు నోటి నుంచి రావలసిన మొదటి మాట “చూపిస్తాను, రండి” అన్నదే. పుస్తకం దగ్గర లేకపోతే ఏ రోజు ఏ గంటకు చూపిస్తారో అప్పుడే చెప్పి, ఆ మాట తప్పవద్దు. నిన్ను ఎవరు పంపారని అడగవద్దు. ఇంటికి వెళ్లి, అతని వెనుక ఎవరున్నారని ఆరా తీయవద్దు. “ప్రార్థన చేద్దాం” అని విషయాన్ని దాటవేయవద్దు, ముందు పుస్తకం తెరిచి తర్వాత ప్రార్థించండి. వచ్చే ఆదివారం వేదిక ఎక్కి, సణిగిన ఇశ్రాయేలీయుల గురించి చదువుతూ ఆ మనిషిని పరోక్షంగా ఎత్తిపొడవడం మాత్రం ఎన్నడూ చేయవద్దు. దేవుని వాక్యాన్ని సొంత పగకు వాడుకోవడం కానుకల సొమ్మును సొంతానికి వాడుకోవడం కంటే చిన్న తప్పేమీ కాదు.

అడిగినవాడు నిజంగా అక్కసుతోనే అడిగి ఉండవచ్చు. అయినా చూపించండి, కాకపోతే మరో ఇద్దరిని పక్కన కూర్చోబెట్టుకొని చూపించండి. పొరపాటు బయటపడితే ఆ ఆదివారమే సభకు చెప్పండి.

ఇంకొక పరీక్ష ఉంది, దీన్ని నేను మొదట నాకే పెట్టుకున్నాను. ఎవరు అడిగితే మీకు కోపం వస్తోంది? ఉద్యోగం చేసే అన్నగారు అడిగితే కుర్చీ వేసి, పుస్తకం తెచ్చి, పద్దు పద్దూ వివరిస్తాం. కూలికి వెళ్లే చెల్లెలు అదే ప్రశ్న అడిగితే అనుమానమా అంటాం. ప్రశ్న ఒకటే అయినప్పుడు కోపం మనిషిని బట్టి వస్తే, ఆ కోపం లెక్క గురించినది కాదు. ఆ ముసలమ్మ స్థానంలో బడి హెడ్‌మాస్టరు గారు ఉండి ఉంటే నేను అలా మాట్లాడి ఉండేవాణ్ణి కానని నాకు తెలుసు. విధవరాలు వేసిన రెండు కాసులను ప్రభువు కూర్చొని చూశాడు. అంత తక్కువ వేసినవారికి అడిగే హక్కు అంత తక్కువ ఉంటుందని ఆయన ఎక్కడా చెప్పలేదు.

పాస్టరు గారి గురించి ఒక్క మాట. అయ్యగారి చేతికి కానుకల సంచి ఇవ్వకపోవడం ఆయనను అవమానించడం కాదు, ఆయన మీద మాట రాకుండా కాపాడడం. ఈ మాట ఆయనతోనే గౌరవంగా, ముందుగా మాట్లాడుకోండి.

మనుషుల లెక్కలోనూ నమ్మకంగా ఉండండి

సొమ్ములో ఒక్క రూపాయి తేడా రానివ్వని మనమే, కూడికకు నలభై మంది వస్తే వందమంది అని చెబుతాం. బాప్తిస్మాలు, స్వస్థతలు, కొత్త గ్రామాలు అనే అంకెలు సాక్ష్యం చెప్పేటప్పుడు పెరుగుతూ పోతాయి. దేవుని మహిమ కోసమే కదా అనుకుంటాం గాని, పెరిగిన అంకె వల్ల పెరిగేది చెప్పినవాడి పేరే. అపొస్తలుల కాలంలో అననీయ అనే విశ్వాసి పొలం అమ్మిన సొమ్ములో కొంత దాచుకోవడం నేరం కాదు, అది నీ వశమందే ఉంది కదా అని పేతురే అన్నాడు. కొంతను అంతా అని చెప్పడం అతని నేరం. కూడిక అయ్యాక వరుసలు చూసి తలలు లెక్కపెట్టి, పుస్తకంలో రాసి, పుస్తకంలో ఉన్నదే చెప్పండి.

విదేశాల నుంచి వచ్చే సొమ్ము విషయంలో అజాగ్రత్త పనికిరాదు. విదేశీ విరాళాల నియంత్రణ చట్టం, 2010 ప్రకారం, ఆ చట్టం కింద నమోదు గాని ముందస్తు అనుమతి గాని లేని సంఘం విదేశీయుల నుంచి విరాళం తీసుకోకూడదు. పాస్టరు గారి సొంత ఖాతాలోకో, పెద్దల ఖాతాలోకో తెప్పించుకొని సంఘానికి వాడితే, పని మంచిదైనా దారి వంకరే. భారత పౌరుడిగానే ఉంటూ గల్ఫ్‌లో కష్టపడే మన అబ్బాయి తన సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపే కానుక విదేశీ విరాళం కిందకు రాదు, దానికి మామూలు రసీదు ఇవ్వండి.

పంటల పండుగ వేలం

ప్రథమ ఫలాలుగా వచ్చిన గుమ్మడికాయలు, అరటి గెలలు, కోళ్లు, ధాన్యం వేలం వేసే రోజు మన సంఘాల్లో సంతోషమైన రోజు. గర్వం కూడా పండుగ బట్టలు కట్టుకొని వచ్చే రోజు అదే. పక్కింటివాడి మీద పంతానికి ఒక గుమ్మడికాయను వెయ్యి రూపాయలకు పాడి, చప్పట్లు కొట్టించుకొని, ఏడాది తిరిగినా ఆ వెయ్యి కట్టనివాళ్లు ఉన్నారు. మొక్కుకొని చెల్లించకపోవడం కంటే మొక్కుకోకపోవడమే మేలని ప్రసంగి 5వ అధ్యాయం చెబుతుంది. వేలం మొదలయ్యే ముందే, పాడిన సొమ్ము ఆ రోజే గాని, నెలలోపు గాని కట్టాలని ప్రకటించి, ప్రతి వస్తువుకూ పాడినవారి సంతకం తీసుకోండి. బాకీలవారి ఇంటికి ఇద్దరు వెళ్లి మర్యాదగా అడగండి. పేర్లను సభలో చదివి సిగ్గుపరచడం నాకు ఇష్టం లేదు, అలాగే ఎక్కువ పాడినవారి పేర్లను పదేపదే మైకులో పొగడడం కూడా ఆపాలి. ఫ్యాను రెక్కల మీద, బెంచీల మీద, గేటు పక్క పలక మీద దాతల పేర్లు రాయాలా అన్నదానికి సంఘం ఒకసారి కూర్చొని తీర్మానం చేసుకోవడం మంచిది. రాయవద్దన్నదే నా అభిప్రాయం, ఎందుకంటే గుప్పెడు బియ్యం తీసినవారి పేరు రాయడానికి మన దగ్గర అంత పెద్ద రాయి లేదు.

మందిరం బయట

“మిక్కిలి కొంచెములో నమ్మకముగా ఉండువాడు ఎక్కువలోను నమ్మకముగా ఉండును” అని లూకా 16వ అధ్యాయం 10వ వచనంలో ప్రభువు చెప్పిన మాట సరిహద్దులో ఉన్న మనకు ఒక ప్రత్యేకమైన పరీక్ష పెడుతుంది. ఒకే మనిషికి ఇటు ఒక రేషన్ కార్డు, అటు అత్తవారి ఊళ్లో ఇంకొక కార్డు, రెండు చోట్ల ఓటు ఉండడం ఇక్కడ వింత కాదు. అలా ఉంటే ఒకటి రద్దు చేయించుకోండి. సంఘం పుస్తకంలో సంతకం చేసే చేయి రెండో కార్డు మీద బియ్యం తీసుకుంటుంటే, ఆ సంతకానికి విలువ ఏముంటుంది? కోరాపుట్ జిల్లా కొటియా గ్రామాల వారి సంగతి వేరు. ఆ ఊళ్ల మీద ఒడిశా, ఆంధ్రప్రదేశ్ రెండు రాష్ట్రాలూ హక్కు చెప్పుకుంటున్నాయి, అక్కడివారిని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు.

దిగిపోయేటప్పుడు

సమూయేలు ముసలివాడయ్యాక జనమంతటి ముందు నిలబడి, నేను ఎవరి ఎద్దునైనా తీసుకున్నానా, ఎవరి గాడిదనైనా పట్టుకున్నానా, ఎవరి చేతిలోనైనా లంచం పుచ్చుకున్నానా, ఉంటే చెప్పండి, తిరిగి ఇస్తాను అని అడిగాడు. తన కొడుకులు లంచాలు తిన్నారని ఊరంతటికీ తెలుసునని తెలిసి కూడా ఆ సభ ముందుకు వచ్చాడు. దిగిపోయే ప్రతి కోశాధికారీ మొదటి సమూయేలు పన్నెండో అధ్యాయాన్ని చదివి, అదే ప్రశ్న తన సంఘాన్ని అడగాలని నేను కోరుకుంటున్నాను.

అప్పగింతకు ఒక జాబితా తయారుచేయండి. నగదు నిల్వ, బ్యాంకు నిల్వ, చెక్కుబుక్కులో మిగిలిన చెక్కుల నంబర్లు, రసీదు పుస్తకాలు, తాళంచెవులు, కుంచం, ప్రభు బల్ల పాత్రలు, మైకు సామాను, రావలసిన వేలం బాకీలు, ఇవ్వవలసిన బిల్లులు అన్నీ అందులో ఉండాలి. కొత్తవారి ముందు, మరో ఇద్దరి ముందు ఒక్కొక్కటి లెక్కపెట్టి, మూడు ప్రతుల మీద సంతకాలు చేయించి, ఒకటి మీరు ఉంచుకోండి. బ్యాంకులో మీ సంతకం తీసేయించే దరఖాస్తు ఆ వారంలోనే ఇవ్వండి. కొత్తవారు మీ పద్ధతి మార్చితే మాట్లాడకండి, ఇద్దరు లెక్కపెట్టడం మానేస్తే మాత్రం అడగండి.

ఆ తర్వాత మూడు నెలలకు సర్వసభ్య సమావేశంలో కొత్త కోశాధికారి లెక్క చదువుతారు. వెనుక చాప మీద, ఆ ముసలమ్మ లాంటివాళ్ల పక్కన కూర్చోండి. ఏదైనా పద్దు మీకు అర్థం కాకపోతే, చేయి ఎత్తి, అదెంత, దేనికి అని మెల్లగా అడగండి.